లండన్ విరాళం వెనక్కి పోవడం: సమాధానం

ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్నా, లండన్ వాలంటీర్లు కేకులమ్మి మీ హోమ్ పిల్లలకి పంపిన డబ్బు వెనక్కి పోయిందంటే, వాళ్లకి రాజోలు బ్రాంచి ఖాతా నంబరు ఇచ్చి ఉంటారు.

1. ఈ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత విదేశీ విరాళం ముందు ఢిల్లీ సంసద్ మార్గ్ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని మీ ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. ఆ వివరాలతో మళ్లీ పంపించమనండి.

2. అక్కడి నుంచి రాజోలులో ఇందుకోసమే తెరిచిన ఖాతాకి మార్చుకోండి. అందులో ఊరి చందాలు కలపకండి. కొబ్బరి దింపు రోజు రైతు ఇచ్చిన ఐదొందలైనా వేరే పాస్‌బుక్కే.

3. చాలామంది మర్చిపోయేది పాస్‌పోర్టు అడగడం. అక్కడున్న మన కోనసీమ అబ్బాయికి ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి ఇచ్చింది విదేశీ విరాళం కాదు, మామూలు ఖాతాలో వేసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఢిల్లీ ఖాతాకే. మొహమాటపడకుండా అడిగి, కాపీ ఫైల్లో పెట్టండి.