కుంట దగ్గర జంటగా ఎగిరే పసుపు సన్న తూనీగలు ఏమిటి? పిల్లల్ని తొట్టిలో పెంచవచ్చా?

తిరుపతి చుట్టుపక్కల కుంటల గట్టున, గడ్డిలో కిందికిందనే ఎగిరే నిమ్మపసుపు పొట్ట, ఆకుపచ్చ ఛాతీ ఉన్నది చాలావరకు సీరియాగ్రియాన్ కోరమాండెలియానం అనే సన్న తూనీగ జాతిలో మగది. ఆడది కాస్త వెలిసిన గోధుమరంగు. కుటుంబం సీనాగ్రియోనిడే, 1,300కు పైగా జాతులున్నాయి. వాలగానే రెక్కలు వీపు మీద మూసుకుంటుంది, కళ్లు ఎడంగా ఉంటాయి. పెద్ద తూనీగ రెక్కలు చాపుకునే కూర్చుంటుంది.

జంటగా కనిపించేది పోట్లాట కాదు. మగది తోక చివరి కొక్కేలతో ఆడదాని మెడ దగ్గర పట్టుకుంటుంది. వీర్యం బయటికి వచ్చేది పొట్ట 9వ ఖండంలో, అందించే అవయవం 2వ ఖండం కింద. అందుకే ఆడది పొట్టను ముందుకు వంచి చక్రంలా అవుతుంది. చాలా జాతుల్లో మగది ముందటి మగదాని వీర్యాన్ని తోడేసి తనది పెడుతుంది. మళ్లీ ఇంకొకటి అదే పని చేయకుండా గుడ్లు పెట్టేదాకా వదలదు! ఆడది నీటిమొక్కల ఆకుల్ని కోసి లోపల గుడ్లు దూరుస్తుంది.

నీళ్లలో పెరిగే పిల్లకు తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలుంటాయి. ఒకటి ఊడినా కుబుసం విడిచేటప్పుడు తిరిగి మొలుస్తుంది. తొట్టిలో పెంచాలంటే కుంట నీళ్లే వాడండి, దోమపిల్లలు వేయండి. ఇరుకైతే ఒకదాన్నొకటి తింటాయి, విడివిడి గ్లాసులు మేలు. నీటిపైకి వచ్చేలా ఒక పుల్ల గుచ్చండి. అది లేకపోతే రెక్కలొచ్చే వేళ ఎక్కే చోటు దొరక్క నీళ్లలోనే చస్తుంది.