కట్టే ముందు రుజువు అడుగు

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంటి లోన్‌కి వెళ్తే క్రెడిట్ రిపోర్ట్‌లో (నీ అప్పుల చరిత్రలో) నువ్వెప్పుడూ పేరు వినని కలెక్షన్ ఏజెన్సీ, అంటే బాకీలు వసూలు చేసే సంస్థ, కనిపించిందన్నావు, కట్టేసి వదిలించుకుంటానన్నావు. ఆగు తల్లీ. ఇవాళ ఒక్క డాలరు కూడా కట్టకు. వాళ్లకి ఫోన్ కూడా చేయకు.

అమెరికా వచ్చిన కొత్తలో నేను ఆ పొరపాటే చేశాను. ఆసుపత్రి బాకీ అని ఎవరో ఫోన్ చేస్తే, భయపడి కార్డు నంబరు అక్కడికక్కడే చెప్పేశాను. ఆ బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లు అప్పటికే కట్టేశారని తర్వాత తెలిసింది. నా డబ్బు మాత్రం తిరిగి రాలేదు. రుజువు చూపించమని అడిగే హక్కు ఉందని అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులూ తీసుకో. ఈ రిపోర్టులు తయారుచేసేది వాళ్లే. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా ఇస్తారు. అసలు అప్పు ఎవరిది, ఎంత, మొదటిసారి వాయిదా తప్పింది ఎప్పుడు అన్నవి రాసి పెట్టుకో. ఆ తేదీ చాలా ముఖ్యం. బాకీ ఎన్ని చేతులు మారినా, దాన్నుంచి సుమారు ఏడేళ్లకు రిపోర్ట్‌లోంచి పోవాలి. బాకీని కొన్నవాళ్లు కొత్త తేదీ వేయడానికి వీల్లేదు.

తర్వాత ఏజెన్సీకి ఉత్తరం రాయి. "ఈ అప్పు నాదని నేను ఒప్పుకోవడం లేదు. అసలు ఎవరికి బాకీ, ఈ మొత్తం ఎలా వచ్చింది, వసూలు చేసే హక్కు మీకెలా వచ్చింది, కాగితాలు పంపండి." ఇంతే చాలు. నీ కష్టాలు, ఉద్యోగం సంగతులు అందులో వద్దు. సర్టిఫైడ్ మెయిల్‌లో రిటర్న్ రిసీట్‌తో (అందినట్టు రుజువుగా వచ్చే రసీదు) పంపి కాపీ దాచుకో. బాకీ వివరాలతో వాళ్లు పంపే నోటీసు అందిన 30 రోజుల్లోపు ఇలా రాస్తే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలని 1977 నాటి ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ చట్టం చెబుతోంది. నోటీసే రాలేదన్నావు. ఇల్లు మారావు కదా, పాత అడ్రసుకి వెళ్లి ఉండొచ్చు. అయినా రాయి. 2021 నవంబరు 30 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం, నిన్ను సంప్రదించే ప్రయత్నం చేయకుండా రిపోర్ట్‌లో ఎక్కించకూడదు. కాబట్టి నోటీసు ఎప్పుడు, ఏ అడ్రసుకి పంపారో కూడా అడుగు.

రిపోర్ట్‌లో తప్పు కనిపిస్తే, అది ఉన్న ప్రతి బ్యూరోకీ విడిగా డిస్ప్యూట్ (ఇది తప్పు అని అభ్యంతరం) పెట్టు. మామూలుగా 30 రోజుల్లో విచారించాలి. నిజమని తేలకపోతే తీసేయాలి.

అప్పు నిజంగా నీదే అయితే? అప్పుడు కూడా తొందరపడకు. బాకీ కోసం వాళ్లు నీమీద కోర్టుకి వెళ్లే గడువు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. చాలాచోట్ల, గడువు దాటిన బాకీకి కొంచెం కట్టినా ఆ గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. నీ రాష్ట్రం సంగతి తెలుసుకున్నాకే బేరం మాట్లాడు. ఎంతకు ఒప్పుకున్నారో కాగితం మీద వచ్చాకే కట్టు. బ్యాంక్ ఖాతాలోంచి వాళ్లే తీసుకునేలా అనుమతి మాత్రం ఇవ్వకు. కట్టినంత మాత్రాన రిపోర్ట్‌లోని ఎంట్రీ దానంతటదే పోదు, ఆ ఆశ పెట్టుకోకు.

ఫోన్ చేసి పోలీసులొస్తారని బెదిరిస్తే టెన్షన్ పడకు, అది చట్టవిరుద్ధం. తేదీ, టైమ్, అన్న మాటలు రాసి పెట్టుకో. కోర్టు కాగితాలు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పెట్టకు. జవాబు ఇవ్వకపోతే తీర్పు వాళ్లవైపే వెళ్తుంది, జీతంలోంచి కోత దాకా రావొచ్చు. అలాంటిది వస్తే వెంటనే నాకు చెప్పు, లాయర్ని చూద్దాం.

ఆదివారంలోపు మూడు రిపోర్టులూ పంపు. ఉత్తరం ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి