డొమైన్ యజమాని పేరు తెలియకుండానే ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మా తాతగారి కాలం నుంచి దర్రీలు, జంపఖానాలు నేయించి అమ్ముతున్నాము. మా దుకాణం పేరుతో డాట్ కామ్ చిరునామా తీసుకుందామని చూస్తే ఎవరో ముందే తీసుకుని, మా పేరు పెట్టి ఎక్కడివో మిల్లు తివాచీలు అమ్ముతున్నారు. యజమాని వివరాల కోసం వెతికితే గోప్యత కోసం తొలగించామన్న ఇంగ్లీషు ముక్క తప్ప ఏమీ లేదు. ఎవరి మీదని ఫిర్యాదు చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ఫిర్యాదుకు యజమాని పేరు అవసరం లేదు. ఆ వివరాలను ఎవరూ చెరిపివేయలేదు. డొమైన్ (వెబ్ చిరునామా) అమ్మిన సంస్థ, అంటే రిజిస్ట్రార్, దగ్గర అవి భద్రంగానే ఉంటాయి, బయటివారికి మాత్రమే కనబడవు. 2018 మే 25న ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార చట్టం జీడీపీఆర్ అమలులోకి వచ్చేదాకా, 'హూయిజ్' అనే పట్టికలో డొమైన్ యజమాని పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఎవరైనా చూడగలిగేవారు. ఆ చట్టం కింద జరిమానా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం వరకూ పడవచ్చు గనుక, డొమైన్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ దానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు తాత్కాలిక నిబంధనలు తెచ్చి ఆ వివరాలను మూయనిచ్చింది. యజమానుల్లో ఐరోపావారెవరో కానివారెవరో వేరుచేయడం కష్టం కావడంతో చాలా రిజిస్ట్రార్లు అందరి వివరాలనూ మూసివేశాయి. కొత్తవాడ వ్యాపారికి ఐరోపా చట్టం అడ్డురావడానికి కారణం ఇదే.

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ వంటి పేర్ల తగవులకు 1999 నుంచి యూడీఆర్‌పీ అనే విధానం ఉంది. దాని కింద జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, అంటే వైపో, నడిపే మధ్యవర్తిత్వ కేంద్రానికి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పంపవచ్చు. ప్రతివాది పేరు తెలియదని రాసినా దానిని తిరస్కరించరు. కేంద్రం అడిగిన రెండు పనిదినాల్లో రిజిస్ట్రార్ ఆ డొమైన్ చేతులు మారకుండా తాళం వేసి, యజమాని వివరాలు పంపాలి. వాటిని మీకు తెలియజేసి, ఫిర్యాదు సవరించుకోవడానికి ఐదు రోజుల గడువిస్తారు. ఆ తరువాతే ప్రతివాదికి నోటీసు వెళుతుంది, జవాబుకు 20 రోజులు ఉంటాయి.

కాబట్టి గోప్యతా నియమాలు మీ దారి మూయలేదు గాని, క్రమాన్ని తారుమారు చేశాయి. ఒకప్పుడు ఎదుటివాడెవరో తెలుసుకుని కేసు వేసేవారు. ఇప్పుడు కేసు వేశాకే తెలుస్తుంది. ఈ మార్పు భారం ఫిర్యాదుదారు మీదనే పడిందని నా అభిప్రాయం. ఒకటి నుంచి ఐదు డొమైన్ల వరకు తీర్పు చెప్పే ఏక సభ్య ప్యానెల్‌కు వైపో రుసుము 1,500 అమెరికా డాలర్లు. అంత కట్టిన తరువాత ఆ యజమాని మీ పాలివాళ్లలోనే ఒకరని, అదే ఇంటిపేరుతో న్యాయంగా వ్యాపారం చేసుకుంటున్నారని తేలవచ్చు. ఒకే ఇంటిపేరుగల నేతకుటుంబాలు పక్కపక్కనే దుకాణాలు పెట్టుకున్న ఊళ్లో ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. అటువంటప్పుడు ప్యానెల్ సభ్యుణ్ని నియమించకముందే ఉపసంహరించుకుంటే రుసుములో కొంత తిరిగి వస్తుంది. మరొక నష్టం కూడా ఉంది. ఒకే వ్యక్తి ఇతరుల పేర్లతో వరుసగా డొమైన్లు కొనిపెట్టుకున్నాడని చూపడం దురుద్దేశానికి బలమైన రుజువు. పేరు కనబడని చోట ఆ వరుసను ముందుగా పట్టుకోవడం కష్టం.

అందువల్ల కనబడేవాటి మీద మీ వాదన నిలబెట్టుకోండి. డొమైన్ నమోదైన తేదీ, రిజిస్ట్రార్ పేరు, సర్వర్ల వివరాలు ఇప్పటికీ బహిరంగమే. తరచుగా రాష్ట్రం, దేశం కూడా ఉంటాయి. వీటిలో నమోదు తేదీ ప్రాణం వంటిది. ఆ పేరు మీ ట్రేడ్‌మార్కును పోలి ఉందని, అవతలివారికి దానిపై న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని మూడింటినీ మీరు రుజువు చేయాలి. మీ హక్కు ఆ తేదీకి ముందే ఉండకపోతే మూడవది సాధారణంగా నిలవదు. ట్రేడ్‌మార్కు రిజిస్టర్ చేయించకపోయినా, పాత బిల్లులు, పన్ను పత్రాలు, పత్రికా ప్రకటనలు మీ పేరుకు జనంలో గుర్తింపు ఉందని చూపగలిగితే పనికివస్తాయి. ఆ సైటు పేజీలను తేదీతో సహా ఇప్పుడే భద్రపరచండి, నోటీసు అందగానే అవి మాయమవడం మామూలే. ఒక్క హెచ్చరిక: వరంగల్ దర్రీలకు 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఈ ప్రాంతపు నేతవారందరిది, మీ దుకాణం పేరుకు అది ట్రేడ్‌మార్కు కాదు.

కేసుకు ముందే వివరాలడగాలంటే 2023 నవంబరులో ఐకాన్ మొదలుపెట్టిన అభ్యర్థన సేవ ఉంది. కానీ ఇవ్వాలా వద్దా అన్నది రిజిస్ట్రార్ తూచి నిర్ణయిస్తాడు. యజమాని తన పేరుకు బదులు వేరే సంస్థ పేరు నమోదయ్యే ప్రాక్సీ సేవను డబ్బు కట్టి తీసుకుని ఉంటే మీకు అందేది ఆ సేవా సంస్థ పేరే.

ప్రశ్న: నేను ఇంటి చిరునామాతోనే ఒక డొమైన్ తీసుకున్నాను. వివరాలు దాచిపెట్టడం రేపు ఏదైనా తగవులో నాకు వ్యతిరేకంగా నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దాచుకోవడం ఒక్కటే తప్పు కాదమ్మా. చిన్న వ్యాపారం చేసుకునే మహిళ ఇంటి చిరునామా ప్రపంచానికి చూపకపోవడం పూర్తిగా న్యాయం. అయితే తప్పుడు వివరాలు ఇవ్వకండి: దానివల్ల డొమైన్ నిలిపివేయవచ్చు, తగవులో ప్యానెల్ దానిని దురుద్దేశానికి సూచనగా చూడవచ్చు. నమోదులో ఇచ్చిన ఈమెయిల్‌ను తరచూ చూస్తూ ఉండండి, జవాబుకు 20 రోజుల గడువిచ్చే ఫిర్యాదు నోటీసు అక్కడికి కూడా వస్తుంది. ఇంకొక సంగతి, ప్యానెల్ తీర్పులు మామూలుగా పేర్లతోనే ప్రచురితమవుతాయి. మీ పేరును మరొకరు దొంగిలించి డొమైన్ కొన్నారని తేలితే మాత్రం తీర్పులో దానిని తొలగించే వాడుక ఉంది. డాట్ ఇన్ పేర్లయితే దారి వేరు: డాట్ ఇన్ పేర్లను చూసుకునే నిక్సీ సంస్థ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ అనే తగవుల విధానం కింద 1996 మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం విచారణ జరుగుతుంది. అక్కడ దురుద్దేశం నమోదులో ఉన్నా వాడకంలో ఉన్నా చాలు, రెండూ ఉండనవసరం లేదు.

ప్రశ్న: మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ వివరాలు ఇవ్వకుండా అడ్డుకుంటుందా?
– ఒక న్యాయవాది, మంచిర్యాల

జవాబు: చట్టబద్ధమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైన సమాచార వినియోగానికి 17వ సెక్షన్ చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇస్తుంది. అది ఇచ్చేవాడికి కవచమే గాని, అడిగేవాడికి ఇచ్చి తీరాలన్న ఆజ్ఞ కాదు. మీ కక్షిదారుకు ఆజ్ఞే కావాలంటే కోర్టుకు వెళ్లవలసిందే. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు తరహా రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. ప్రతివాది తెలియని కేసుల్లో ఢిల్లీ హైకోర్టు 'అశోక్ కుమార్' అనే ఊహా నామం మీద ఉత్తర్వులిచ్చి, రిజిస్ట్రార్ల నుంచి వివరాలు తెప్పిస్తున్నది.