పిల్లల చేతికి మీటరు ఇవ్వు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. హైస్కూలు పిల్లలకు సౌరశక్తి ఇంజనీరింగ్ పరిచయం చేసే బాధ్యత మీ విభాగం నీకు అప్పగించిందని తెలిసి ఎంతో సంతోషించాను. నువ్వు పంపిన కార్యక్రమ వివరాలు చదివాను. ఉదయమంతా ప్రసంగాలు, మధ్యాహ్నం మేడ మీది ప్యానెళ్ల సందర్శన, చివర సర్టిఫికెట్లు. నా మాట విని ప్రసంగాలు తీసెయ్యి. పిల్లలు వచ్చిన కాసేపటికే ప్రతి జట్టు చేతిలో ఒక చిన్న ప్యానెల్, వోల్టేజి, కరెంటు కొలిచే ఒక మల్టీమీటరు, ఒక బుల్లి మోటారు ఉండాలి. అంతకుముందు చెప్పాల్సింది ఒక్కటే: సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు.

మొదట ఎండలో వోల్టేజి కొలిపించు. తర్వాత అదే ప్యానెల్‌ను గదిలో కిటికీ పక్కకు తెచ్చి మళ్లీ కొలవమను. అంకె పెద్దగా తగ్గదు. "నీడలో కూడా బాగానే పనిచేస్తోంది" అంటారు. అననివ్వు. ఇప్పుడు మోటారు తగిలించమను. తిరగదు. తీగలు సరిచూస్తారు, మోటారు పాడైందంటారు, పక్క జట్టు మోటారు అడిగి తెచ్చుకుంటారు. జవాబు నీ నోటిదాకా వచ్చినా బయటపెట్టకు. ఆ తికమకే ఆ రోజుకు ప్రాణం.

ఆ తర్వాతే కరెంటు కొలిపించు. వెలుతురు పదో వంతుకు తగ్గితే కరెంటు కూడా దాదాపు పదో వంతుకు పడిపోతుంది, వోల్టేజి మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. ప్యానెల్‌లో వరుసగా కలిపిన ఒక్కో సిలికాన్ సెల్ చిన్నదైనా పెద్దదైనా ఎండలో ఇచ్చేది సుమారు 0.6 వోల్టులే. వైశాల్యం పెరిగితే పెరిగేది కరెంటు. ఇది బోర్డు మీద రాస్తే మర్చిపోతారు, మోటారు మొండికేశాక తెలిస్తే మర్చిపోరు. కరెంటు కొలిచేటప్పుడు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చారో లేదో చూడు, లేకపోతే మీటరులో ఫ్యూజు పోవచ్చు. ఇంత చిన్న ప్యానెల్ రెండు కొసలూ కలిపినా నష్టం లేదు. బ్యాటరీతో మాత్రం ఎన్నడూ అలా చేయకూడదని అప్పుడే గట్టిగా చెప్పు.

ఎండ వేడి వల్లే కరెంటు పుడుతుందని చాలామంది పిల్లల నమ్మకం. కాదంటే తల ఊపుతారు గానీ నమ్మరు. కాసేపు ఎండలో కాగిన ప్యానెల్ వెనకవైపు తడిగుడ్డ ఆనించి మీటరు చూడమను. చల్లబడే కొద్దీ వోల్టేజి పైకి పాకుతుంది. ప్యానెల్ మీద రాసే సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచినదనీ, అక్కడి నుంచి పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుందనీ అప్పుడు చెప్పు. సెల్ 65 డిగ్రీలకు చేరితే ఎంత పోతుందో వాళ్లే లెక్కకడతారు. ఒక్క సెల్‌ను అట్టముక్కతో పూర్తిగా కప్పించడం కూడా మానకు. ఇరుకు సందులో ముందున్నవాడు ఆగితే వెనకవాళ్లంతా ఆగినట్టు, వరుసలోని మిగతా సెల్స్ కూడా చతికిలబడతాయి. పెద్ద ప్యానెళ్లలో అలా ఆగిన సెల్స్‌ను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు ఎందుకో ఇక వేరే వివరించనక్కర్లేదు.

చరిత్ర కొంచెం చాలు, అదీ ఎవరైనా "ఎండంతా కరెంటుగా మారదా?" అని అడిగినప్పుడు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల చేసిన సిలికాన్ సెల్ మార్చగలిగింది 6 శాతమే. నేటి మంచి ప్యానెళ్లు 20 శాతం దాటాయి. ఒకే రకం సిలికాన్ పొరతో మూడో వంతు దాటడం సాధ్యం కాదు, ఎందుకంటే పరారుణ కాంతిలో కొంత భాగం సెల్‌ను దాటిపోతుంది, నీలికాంతిలోని అదనపు శక్తి వేడిగా మారిపోతుంది. ఆ హద్దును దాటేందుకే పొర మీద పొర పేర్చే సెల్స్‌పై పరిశోధన సాగుతోంది. తాము చేయదగ్గ పని ఇక్కడ ఇంకా మిగిలి ఉందని పిల్లలకు తెలియాలి.

జట్టుకు ముగ్గురికి మించి వద్దు. మించితే ఒకరే మీటరు పట్టుకుని కూర్చుంటారు, మిగతావాళ్లు అంకెలు రాసుకుంటూ ఉండిపోతారు. రాసుకునే పని చాలాసార్లు ఆడపిల్లలకే వస్తుంది. ఇది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. ప్రతి కొలతకూ చేతులు మారాలని ముందే నియమం పెట్టు. జట్ల దగ్గర మీ రెండో సంవత్సరం విద్యార్థులను నిలబెట్టు. ఆ వయసువాళ్లను పిల్లలు సందేహాలు బెరుకు లేకుండా అడుగుతారు. ఆ విద్యార్థులకు నువ్వు నేర్పాల్సింది, జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేయడం.

మేడ సందర్శన ఉంచు, కానీ ప్యానెళ్ల కంటే ఇన్వర్టరు, ప్యానెళ్లను నిలబెట్టే దిమ్మెలు, తీగల దారులు, దుమ్ము కడిగే ఏర్పాటు చూపించు. ఇంజనీరింగ్ అంటే అవే. వరుసగా కలిపిన ప్యానెళ్లలో వందల వోల్టులు ఉంటాయి, ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపే స్విచ్ లేదు. కాబట్టి ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు.

సర్టిఫికెట్ల ఖర్చు తగ్గించి, సామాను ఒక పెట్టెలో సర్ది సైన్సు ఉపాధ్యాయులకు అప్పగించి పంపు. వాళ్లను పిల్లలతో పాటు ఒక జట్టుగా కూర్చోబెట్టి అన్నీ చేయిస్తేనే ఆ పెట్టె మళ్లీ తెరుచుకుంటుంది. మబ్బు పడితే పని ఆగకుండా పాతరకం ఫిలమెంటు బల్బులు కొన్ని సిద్ధంగా పెట్టుకో. సామాను జాబితా రాసి పంపు, చూసి చెబుతాను.

నీ మేలు కోరే,
మాస్టారు