లైటు వెలిగితే దిగిపో

అమ్మడూ,

ఉద్యోగం మానేసి స్టాండప్ కామెడీలోకి దిగుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. వాడు కంగారుపడుతుంటే నేను తెగ సంబరపడ్డాను. ఫోన్ పెట్టేశాక నాకూ కంగారు మొదలైంది. ఆర్నెల్ల ఖర్చుకి డబ్బు చేతిలో లేకుండా రాజీనామా ఇవ్వకు. ఎవరైనా స్టేజీ ఎక్కి కాసేపు జోకులు చెప్పుకునే ఓపెన్ మైకులు ఎక్కువగా రాత్రిళ్లే కదా, ఉద్యోగం చేసుకుంటూ కూడా వెళ్లొచ్చు.

ముప్పైనాలుగేళ్లకి మొదలుపెడితే ఆలస్యమా అని అడిగావట. అమెరికా కమెడియన్ ఫిలిస్ డిల్లర్ 1955లో ఈ పనిలోకి వచ్చేనాటికి ఆవిడకి 37 ఏళ్లు, ఐదుగురు పిల్లలు. జోకులు కార్డుల మీద టైపు చేయించి సొరుగుల బీరువాలో దాచుకునేది, యాభై వేల పైచిలుకు! నువ్వూ రాసుకో. ప్రతి షో రికార్డు చేసి మర్నాడు విను. జనం ఎక్కడ నవ్వారన్నది మన జ్ఞాపకానికి వదిలేస్తే అంతా నవ్వారనే చెబుతుంది.

ఇక నా నిర్వాకం విను. నేనూ ఓసారి జోకులు చెప్పడానికి స్టేజీ ఎక్కాను, నాకిచ్చింది ఐదు నిమిషాలు. నాలుగో నిమిషంలో వెనక లైటు వెలిగింది, ఇంక ఒక్క నిమిషమే ఉందని. సరిగ్గా అప్పుడే ఆఖరి జోకు తుస్సుమంది. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అలా దిగితే పరువు పోతుందని ఇంకోటి అందుకున్నాను. అదీ పోయింది. మరొకటి. లైటు కొట్టుకుంటూనే ఉంది, చూడనట్టు పక్కకి తిరిగి మాట్లాడాను. దిగేసరికి పదకొండు నిమిషాలు. హాలు మూసే వేళయిందని నా తర్వాతి కుర్రాడి వంతు తీసేశారు. వాడికది మొదటి షో. వాళ్లమ్మ కూడా వచ్చింది. తలుపు దగ్గర చేతిలో కాగితాన్ని మడత మీద మడత పెడుతూ "బాగా చేశారు సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నీకు చిన్నప్పట్నుంచీ ఆఖరి మాట నీదే కావాలి, మొండిఘటం! అందుకే ఇంతగా చెబుతున్నా. జోకు తేలిపోయినా సరే, థాంక్స్ చెప్పి దిగిపో. ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా నాకే ఫోన్ చెయ్యి. మీ నాన్నకి చెయ్యకు, వాడికి నిద్రపట్టదు.

మొదటి షోకి వస్తున్నా. వెనక వరుసలో, ఆ లైటు పక్కనే కూర్చుంటా.

మీ పెదనాన్న