మూడు టెక్స్చర్లు ఒకే చిత్రంలో

ప్రశ్న: విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామికి త్రీడీ మోడల్ తయారు చేస్తున్నాను. అక్లూజన్ (మూలల్లో పడే నీడ), రఫ్‌నెస్ (ఉపరితలపు గరుకుతనం), మెటాలిక్ (లోహమా కాదా) అనే మూడు నలుపు తెలుపు టెక్స్చర్లను, అంటే మోడల్ ఉపరితలంపై పరిచే చిత్రాలను, సీనియర్ల సలహా మేరకు, ఫోటోషాప్‌లో ఒకే చిత్రంగా కలిపాను. ఆ చిత్రం వింత రంగుల్లో కనిపిస్తోంది. పైగా అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో పెడితే పాత పెయింటు వానకు తడిసినట్టు మెరుస్తోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: రంగులను చూసి కంగారు పడకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లలో ప్రతి ఒక్కటీ విడిగా చూస్తే నలుపు తెలుపు చిత్రమే కనుక, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు రకాల సమాచారాన్ని ఒకే ఫైలులో ఉంచవచ్చు. ఎరుపులో అక్లూజన్, ఆకుపచ్చలో రఫ్‌నెస్, నీలంలో మెటాలిక్ ఉంచే వరుసను ఓఆర్ఎం అంటారు. మీరూ అదే పాటించండి.

మెరుపుకు కారణం వేరు. రంగుల చిత్రాలను, కంటికి తగ్గట్టు విలువలను సవరించే ఎస్ఆర్‌జీబీ పద్ధతిలో నిల్వ చేస్తారు కాబట్టి ఇంజిన్ వాటిని చదివేటప్పుడు మధ్యస్థపు విలువలను బాగా తగ్గించి తీసుకుంటుంది. మీ ఫైలునూ అది రంగుల చిత్రమనే అనుకుంది. మీరు రఫ్‌నెస్‌ను 255కి 128గా, అంటే సుమారు 0.5గా వేసిన చోట ఇంజిన్‌కు అందినది దాదాపు 0.22 మాత్రమే, రఫ్‌నెస్ అంతగా పడిపోతే ఎండకు పాలిపోయిన పెయింటైనా నిగనిగలాడక తప్పదు. టెక్స్చర్‌ను తెరిచి ఎస్ఆర్‌జీబీ టిక్కు తీసివేసి, కంప్రెషన్ సెట్టింగ్స్‌లో మాస్క్స్ ఎంచుకోండి. మెటీరియల్‌లో శాంప్లర్ టైపును (టెక్స్చర్‌ను చదివే తీరును) కూడా మాస్క్స్‌గా మార్చండి, లేకపోతే ఎర్రర్ వస్తుంది.

సీనియర్లు చెప్పిన సలహా మంచిదే. 2048×2048 కొలత గల టెక్స్చర్, మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూపేందుకు చేసే చిన్న ప్రతులు) కాక, బీసీ1 అనే టెక్స్చర్ కంప్రెషన్‌లో 2 ఎంబీ తీసుకుంటుంది. మూడు విడివిడిగా ఉంటే 6 ఎంబీ కావాలి, షేడర్ (ఉపరితలం ఎలా కనిపించాలో లెక్కించే ప్రోగ్రామ్) కూడా మూడుసార్లు చదవాలి. అయితే ఈ పొదుపుకు మూల్యం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. బీసీ1 ప్రతి 4×4 పిక్సెళ్ల గడికి రెండు రంగులను మాత్రమే నిల్వ చేసి, వాటి మధ్య వచ్చే మరో రెండింటితో సరిపెడుతుంది. ఒకే గడిలో మూడు చానెళ్లు మూడు దారులు పడితే ఒకదాని గీతలు మరొకదానిలోకి పాకుతాయి. రివెట్ల చుట్టూ, వెల్డింగ్ అతుకుల వెంట ఒక్కో చానెల్‌నూ విడిగా పెద్దది చేసి చూడండి. ఆకుపచ్చకు 6 బిట్లు, మిగతా రెండింటికీ 5 బిట్ల చొప్పున దక్కుతాయి కనుక, చిన్న తేడా కూడా కంటికి తెలిసిపోయే రఫ్‌నెస్‌కు ఆకుపచ్చే తగిన చోటు. ఆల్ఫా అనే నాలుగో చానెల్‌లో మరో చిత్రాన్ని చేరిస్తే పరిమాణం రెట్టింపవుతుంది కాబట్టి, నిజంగా అవసరమైతేనే చేర్చండి.

ఇదే మోడల్‌ను యూనిటీ అనే మరో గేమ్ ఇంజిన్‌లోని హెచ్‌డీఆర్‌పీ అనే గ్రాఫిక్స్ విధానంలోకి తీసుకువెళితే వరుస మారుతుంది: ఎరుపులో మెటాలిక్, ఆకుపచ్చలో అక్లూజన్, నీలంలో డిటైల్ మాస్క్ (సూక్ష్మ వివరాలు ఎక్కడ కనిపించాలో చెప్పే చిత్రం), ఆల్ఫాలో స్మూత్‌నెస్ ఉండాలి. స్మూత్‌నెస్ అంటే తిరగేసిన రఫ్‌నెస్ కాబట్టి, ఆ చిత్రాన్ని ఇన్వర్ట్ చేసి పెట్టాలి. అందుకే విడి చిత్రాలను చెరిపివేయకుండా దాచుకోండి.

చివరగా, ఓడ ఇనుముదే కదా అని నీలం చానెల్ మొత్తాన్ని తెల్లగా నింపకండి. పెయింటు ఉన్న చోటా, తుప్పు పట్టిన చోటా అది నల్లగా ఉండాలి. పెయింటు గీసుకుపోయి లోహం బయటపడిన చోట మాత్రమే తెలుపు వేయండి.