టెక్ సందేహాలు: టీవీ తెరను కిటికీ అద్దంలా తుడవకండి

ప్రశ్న: మాది 55 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. కిటికీ అద్దాలకు వాడే నీలం రంగు ద్రవాన్ని నేరుగా తెరపై చల్లి, పాత వార్తాపత్రికతో తుడుస్తూ వచ్చాం. కొంతకాలంగా టీవీ ఆపినప్పుడు తెర మధ్యలో మబ్బు పట్టినట్లు ఒక మచ్చ కనిపిస్తోంది. ఎంత రుద్దినా పోవడం లేదు. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు రుద్దడం ఆపండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది మురికి కాదు, తెర మీది పూత చెడిన చోటు. రుద్దే కొద్దీ పెద్దదవుతుంది.

పిక్చర్ ట్యూబు టీవీల రోజుల్లో తెర అంటే మందపాటి గాజు. దాని మీద ఏం చల్లినా, దేనితో తుడిచినా చెల్లిపోయేది. టీవీలు మారాయి కానీ అలవాటు మారలేదు. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ అని పెట్టె మీద ఏ పేరు రాసినా, ఈ టీవీల్లో చాలావాటి లోపల ఉండేది ద్రవ స్ఫటికాలతో (లిక్విడ్ క్రిస్టల్) పనిచేసే ఎల్‌సీడీ పలకే. దాని గాజు లోపలి వైపున ఉంటుంది. మన వేలికి తగిలేది ప్లాస్టిక్ పొర. దాన్ని పోలరైజర్ అంటారు. అయోడిన్ పట్టించిన పల్చటి పాలీవినైల్ ఆల్కహాల్ పొరను రెండు రక్షక పొరల మధ్య ఉంచి తయారుచేస్తారు. ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే అది బయటికి వదులుతుంది. అది లేకపోతే వెనుక దీపాలు వెలుగుతున్నా మీకు కనిపించేది తెల్లని వెలుతురే, బొమ్మ కాదు. దాని పైన, గదిలోని దీపాలు తెరలో మెరవకుండా ఆపే పూత ఉంటుంది. దాని మందం మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలవాల్సినంత.

అద్దాలు తుడిచే ద్రవాల్లో తరచుగా అమ్మోనియా, ఆల్కహాల్ లేదా మరేదైనా ద్రావణి కలుస్తుంది. గాజును అవి ఏమీ చేయలేవు. ఈ పూతను మాత్రం మెల్లమెల్లగా తినేస్తాయి. వార్తాపత్రిక సంగతి సరేసరి. చెక్క గుజ్జుతో చేసిన కాగితం కంటికి మెత్తగా ఉన్నా పూతకు గరుకే. ముఖం తుడుచుకునే టిష్యూ కాగితానికీ ఇదే వర్తిస్తుంది.

పోయిన పూతను తిరిగి వేసే మార్గం లేదు. పోలరైజర్ పొర మొత్తాన్ని మార్చి ఇస్తామనే మెకానిక్‌లు ఉన్నారు. కానీ అంత పెద్ద తెరపై బుడగ లేకుండా, దుమ్ము రేణువు ఇరుక్కోకుండా కొత్త పొర అతికించడం చాలా కష్టం. సీరియల్ నడుస్తున్నప్పుడు ఆ మచ్చ కనిపించకపోతే దాని జోలికి వెళ్లవద్దనే నా సలహా.

మచ్చ కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మీరు నేరుగా చల్లడం. చల్లిన ద్రవం జారి కింది అంచు దగ్గర చేరుతుంది. తెరకూ చట్రానికీ మధ్య సందులోంచి లోపలికి దిగుతుంది. చాలా టీవీల్లో పిక్సెళ్లకు (బొమ్మను కూర్చే చిన్న చుక్కలకు) సంకేతాలు పంపే చిప్‌లు, రిబ్బన్‌లాంటి పల్చటి పట్టీలపై, సరిగ్గా ఆ అంచునే ఉంటాయి. అక్కడ తడి చేరితే తెర మీద నిలువు గీతలు వస్తాయి, లేదా ఒక పక్క మొత్తం నల్లబడుతుంది. అప్పుడు తెర పలకనే మార్చాలి, దాని ధర దాదాపు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. ద్రవం వల్ల జరిగిన నష్టానికి వారంటీ సాధారణంగా వర్తించదు.

ఇకపై ఇలా చేయండి. టీవీ ఆపి, ప్లగ్ తీసి, తెర చల్లబడేదాకా ఆగండి. వేడి తెర మీద తడి వెంటనే ఆరిపోయి చారలు మిగులుస్తుంది. నల్లని తెర మీద మురికి ఎక్కడుందో కూడా బాగా తెలుస్తుంది. మొదట పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, బరువు వేయకుండా, పైనుంచి కిందికి దుమ్ము దించండి. ఈ మెట్టు దాటేసి తడిగుడ్డతో మొదలుపెడితే తెర మీది ఇసుక రేణువులే గరుకు కాగితంలా పనిచేస్తాయి. చాలాసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది. మరకలు మిగిలితే ఇంకో గుడ్డను నీటితో తడిపి, చుక్క రాలనంత గట్టిగా పిండి తుడవండి. వెంటనే పొడిగుడ్డతో తేమ తీసేయండి. వెలుగుతున్న తెరను గట్టిగా నొక్కితే రంగులు అలల్లా కదులుతాయి. ఆపిన తెరలో అది కనిపించదు కాబట్టి తుడిచేటప్పుడు అసలు నొక్కకండి. లోపల రెండు గాజు పలకల మధ్య ఉన్న ద్రవ స్ఫటికాల పొర మందం కొద్ది మైక్రాన్లే.

ప్రశ్న: మావి బోరు నీళ్లు. తుడిచాక తెల్లని చారలు పడుతున్నాయి. – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అవి నీళ్లలోని లవణాలు. మీ గీజరులో పేరుకునేదీ అదే. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది, ఒక డబ్బా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది కాబట్టి డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి మరీ తెచ్చుకోండి. ఇంట్లో ఆర్వో ఉంటే ఆ నీళ్లూ ఫరవాలేదు. వాటిలోనూ కొంత లవణం మిగులుతుంది కానీ గుడ్డను బాగా పిండితే చారలు పడవు.

ప్రశ్న: హాలు పక్కనే వంటగది, ఇంకో పక్క దేవుడి గూడు. టీవీ మీద జిడ్డు పేరుకుంటోంది. పొడిగుడ్డతో తుడిస్తే తెరంతా అలుక్కుపోతోంది. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పోపు ఆవిరిలోని నూనె, అగరుబత్తి పొగ, సాంబ్రాణి మసి కలిసి తెర మీద పల్చటి పొరగా పట్టేస్తాయి. గాలిలోని దుమ్ము దానికి అతుక్కుంటుంది. దీన్ని పొడిగుడ్డతో ఎంత తుడిచినా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందే తప్ప పోదు. ఇక్కడ సబ్బు కావాలి, అదీ నామమాత్రంగా. పానాసోనిక్ తన టీవీల మాన్యువళ్లలో ఘాటు లేని డిటర్జెంటు ఒక వంతుకు నీళ్లు 100 వంతులు కలపమని చెబుతుంది. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 2 మిల్లీలీటర్లు. నేనైతే గిన్నెలు కడిగే ద్రవం రెండు మూడు చుక్కలతో సరిపెడతాను. ఈ నీటిలో తడిపి పిండిన గుడ్డతో ఒకసారి, ఉత్త నీటిలో తడిపి పిండిన గుడ్డతో ఇంకోసారి, చివరికి పొడిగుడ్డతో తుడవండి. రెండోది మానేస్తే సబ్బు చారలు మిగిలి, జిడ్డే నయమనిపిస్తుంది.

గుడ్డ గురించి కూడా చెప్పాలి. ఒకసారి నూనె పీల్చిన మైక్రోఫైబర్‌ను ఉతకకుండా మళ్లీ వాడితే ఆ నూనెనే తెరకు పూస్తున్నట్లు. తువ్వాళ్లతో కలిపి ఉతికితే వాటి నూలు పోగులన్నీ దానికి పట్టుకుంటాయి. బట్టలు మెత్తబడటానికి, సువాసనకు వేసే కండిషనర్ అసలు వద్దు. అది పోగుల మీద పూతలా పట్టి, మురికిని లాగే గుణాన్నే పోగొడుతుంది. మామూలు సబ్బుతో విడిగా ఉతికి నీడన ఆరేస్తే చాలు. గుడ్డ అంచున కుట్టిన కంపెనీ పట్టీ గట్టిగా ఉంటే కత్తిరించేయండి, గీతలు పెట్టేది చాలాసార్లు అదే.

ప్రశ్న: మా నాలుగేళ్ల మనవడు టీవీ మీద బొమ్మలు గీశాడు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంతో పోతాయని పక్కింటివారు చెప్పారు. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ! చాలా నెయిల్ పాలిష్ రిమూవర్లలో అసిటోన్ ఉంటుంది. అది ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బొమ్మతో పాటు తెరా పోతుంది. టూత్‌పేస్టు, తినే సోడా కూడా వద్దు, అవి అరగదీసే పదార్థాలు.

అబ్బాయి చేతిలో ఉన్నది పిల్లల స్కెచ్ పెన్ అయితే మీరు అదృష్టవంతులు. వాటి సిరా సాధారణంగా నీటిలో కరుగుతుంది. తడిగుడ్డను మరక మీద కొద్దిసేపు ఉంచి, నొక్కకుండా తుడవండి. బాల్ పెన్ను అయితే పైన చెప్పిన సబ్బు నీటితో ఓపికగా రెండు మూడు విడతలు ప్రయత్నించండి. పర్మనెంట్ మార్కర్ అయితే చిక్కే. దాన్ని కరిగించేది ఆల్కహాల్, ప్లాస్టిక్ తెరలకు ఆల్కహాల్ వద్దని చాలామంది తయారీదారులు అంటారు. ముందు భాగం గాజుతో ఉన్న కొన్ని కంప్యూటర్లకు ఆపిల్ లాంటి సంస్థలు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను అనుమతిస్తాయి. మీ టీవీ మాన్యువల్‌లో అలా స్పష్టంగా ఉంటేనే వాడండి. లేదంటే ఆ బొమ్మను అలాగే ఉంచేయండి, తాతగారు కదా.

ప్రశ్న: నాది ఓఎల్‌ఈడీ టీవీ. తుడవాలంటే వెంటనే ప్లగ్ తీయవచ్చా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రిమోట్‌తో ఆపి కొంతసేపు ఆగండి. ఎక్కువసేపు చూశాక ఆపినప్పుడు ఈ టీవీలు స్టాండ్‌బైలో తమ పిక్సెళ్లను తామే సరిచేసుకుంటాయి. ఆ పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ప్లగ్ తీసి తుడవండి. వీటి పలక చాలా పల్చన కాబట్టి ఒక చేత్తో చట్రాన్ని పట్టుకుని, రెండో చేత్తో తుడవండి.

ప్రశ్న: మాట్ (మెరవని) తెర ఉన్న ఆపిల్ ల్యాప్‌టాప్ మాక్‌బుక్ ప్రో కొన్నాను. మూత తెరిచిన ప్రతిసారీ తెర మీద కీబోర్డు అచ్చు కనిపిస్తోంది. మధ్యలో గుడ్డ వేసి మూయవచ్చా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆ అచ్చు మీ వేళ్ల జిడ్డే. మీటలకు అంటినది మూత మూసినప్పుడు తెరకు అంటుతోంది. కాబట్టి ముందు తుడవాల్సింది మీటలను. మీది 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న నానో టెక్స్‌చర్ అనే మాట్ తెర అయితే, దానితో పాటు వచ్చిన గుడ్డ తప్ప ఇంకేదీ వాడవద్దని ఆపిల్ చెబుతోంది. ఆ గుడ్డ మాసిపోతే గిన్నెల సబ్బుతో చేత్తో ఉతికి, కనీసం 24 గంటలు ఆరనివ్వాలి. మధ్యలో గుడ్డ వేసి మూయడం నాకు నచ్చదు. మూతకూ మీటలకూ మధ్య ఖాళీ అంత తక్కువ. కెమెరా మీద అంటించే మూత కూడా మామూలు ప్రింటర్ కాగితం కన్నా, అంటే 0.1 మిల్లీమీటరు కన్నా మందంగా ఉండకూడదని ఆపిలే హెచ్చరించింది.

ప్రశ్న: టీవీలో ఆరేడు చోట్ల గుండ్రని తెల్లని మచ్చలు. తుడిచినా పోవు, టీవీ ఆపితే మాత్రం కనిపించవు. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ సమస్య తెర ముందు కాదు, వెనుక ఉంది. తెర వెనుక వరుసలుగా ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. వెలుతురు సమానంగా పరచుకోవడానికి ఒక్కో దీపం మీద చిన్న ప్లాస్టిక్ కటకం (లెన్స్) అతికిస్తారు. ఏళ్ల తరబడి వేడికి జిగురు ఊడి కటకం రాలిపోతే దీపం వెలుగు ఒకే చోట పడి తెల్లని చుక్కగా కనిపిస్తుంది. అనుభవమున్న మెకానిక్ కటకాలు మళ్లీ అతికించగలరు, లేదా దీపాల పట్టీలు మార్చగలరు. తెర పలక మార్చడంతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. అయితే పలకను విప్పి పక్కన పెట్టాల్సి వస్తుంది. అది పగిలితే బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోండి. మిగిలిన కటకాలైనా నిలవాలంటే బ్యాక్‌లైట్ తగ్గించి చూడండి.

ప్రశ్న: మానిటర్ లోపల ఒక చిన్న పురుగు నడుస్తోంది. తుడిచేద్దామంటే తెర వెనుక ఉంది! – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: వేలితో నొక్కకండి. నొక్కితే అది అక్కడే నలిగి శాశ్వతంగా మచ్చగా మిగిలిపోతుంది. వెలుతురుకు ఆకర్షణ పొంది, గాలి రంధ్రాల గుండా వెళ్లి పొరల మధ్య చేరింది. మానిటర్ ఆపి గది చీకటి చేయండి. అంచు దగ్గర టేబుల్ లైటు వెలిగించి ఉంచితే వచ్చిన దారినే పోయే అవకాశం ఎక్కువ. లోపలికి పురుగుల మందు చల్లాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. ఒకవేళ చచ్చి కదలకుండా ఉంటే, ప్లగ్ తీసేసి, మానిటర్ వెనుక వేళ్లతో మెల్లగా తడితే కొన్నిసార్లు జారి కింది అంచు వెనక్కి, కంటికి కనిపించని చోటికి పడిపోతుంది.